పంపకం బయటికి వెళ్ళిన రోజులు

మేం ఇద్దరం కలిసి రాసుకున్న ప్రోగ్రాం పేరు పంపకం. మొదట్లో ఇంగ్లీషులో ఏదైనా గొప్ప పేరు పెడదామనుకున్నాం. కానీ అది చేసే పని అదే కావడంతో ఆ మాటే నోటికి అలవాటైపోయింది.

ఒక యాప్‌లో చిన్న మార్పు చేసినా, అంతకు ముందు పనిచేస్తున్నవన్నీ ఇంకా పనిచేస్తున్నాయో లేదో మొదటి నుంచి పరీక్షించి చూడాలి. ఆ పరీక్షలు వందల్లో ఉంటాయి. ఒక్క కంప్యూటర్ మీద పెడితే పొద్దున మొదలైనవి సాయంత్రానికి కూడా తెమలవు. పంపకం ఆ పరీక్షలను ముక్కలు చేసి, గదిలో ఉన్న కంప్యూటర్లకూ పాత ఫోన్లకూ తలా కొన్ని ఇచ్చి, ఒక్కొక్క దాని దగ్గర నుంచి ఫలితం తెచ్చి ఒకచోట చేర్చేది. నెగ్గినవి పచ్చగా, తప్పినవి ఎర్రగా తెర మీద వరసగా కనపడేవి.

హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్ళూ నేను టెస్టర్‌ని. ఎదుటివాడు రాసిన కోడ్ బాగుందని తొందరగా ఒప్పుకోకపోవడమే ఆ ఉద్యోగం. తప్పు ఎక్కడ దాక్కుందా అని వెతికి వెతికి, ఆ చూపు ఇంటికి కూడా వచ్చేసింది. పాలవాడు ఒకరోజు కాస్త ముందు వస్తే, ఇవాళ ఎందుకు ముందొచ్చాడని ఆలోచించే రకాన్ని అయిపోయాను. మా ఆయన నరసరావుపేట కోర్టులో ప్లీడరు. కరోనా రోజుల్లో కంపెనీ ఇంటి నుంచే పని చేసుకోమనగానే నేను పేటకి వచ్చేశాను. తర్వాత వాళ్ళు రమ్మన్నా వెళ్ళలేదు. ఇక్కడే పత్తి వ్యాపారులకు ఒక యాప్, ఒక ప్రైవేటు ఆస్పత్రికి టోకెన్లు ఇచ్చే యాప్ చేసిపెట్టి, వాటిని చూసుకుంటూ ఉండిపోయాను.

నాతో పనిచేసే అమ్మాయిని నేను మా అమ్మాయి అనే అంటాను. హైదరాబాద్‌లో నా కింద చేరిన పిల్ల. వాళ్ళది ముప్పాళ్ళ. నేను వచ్చిన కొన్నాళ్ళకు తనూ ఉద్యోగం మానేసి, రోజూ బస్సులో పేటకి వచ్చి నాతో పనిచేయడం మొదలుపెట్టింది. వాళ్ళ నాన్న టీచరు. ఆదివారం చర్చి అయ్యేదాకా ఫోన్ ఎత్తదు. ఎవరినైనా ముందు నమ్మి తర్వాత ఆలోచించడం తన పద్ధతి. నాది అందుకు పూర్తిగా ఎదురు కాబట్టే మా ఇద్దరికీ పని కుదిరిందని అనుకునేదాన్ని.

గది ఒక పురుగుమందుల కొట్టు మీద ఉండేది. ఇంటి ఓనరుదే ఆ కొట్టు. నూజెండ్ల వైపు పొలాలున్న మనిషి. ఊళ్ళో రాజకీయాలు చాలాకాలం నడిపి, మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక పేటలో కొట్టు పెట్టుకుని కూర్చున్నాడు. మేం బాబాయి అని పిలిచేవాళ్ళం.

పంపకాన్ని బయటివాళ్ళకు ఇవ్వాలన్న ఆలోచన ఆ అమ్మాయిదే. మా మెట్ల మలుపులో చిన్న అరుగు ఉంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక అక్కడ కూర్చునేవాళ్ళం. ఒకరోజు అక్కడే మొదలుపెట్టింది.

"ఇంత కష్టపడి రాసింది మన గదిలోనే పడుంటే ఏంది అక్కా లాభం? బయటోళ్ళకి ఇచ్చేద్దాం."

"ఇస్తే వాళ్ళేం చేస్తారు?"

"వాడుకుంటారు. వాడితే మనకి తెలియని తప్పులు బయటపడతయ్. మనిద్దరం ఎన్నని చూస్తాం?"

మనలాగే చిన్న ఊళ్ళలో కూర్చుని పనిచేసుకునేవాళ్ళు చాలామంది ఉంటారనీ, పెద్ద కంపెనీల సామాను వాళ్ళకు అందదనీ, కోడ్ మొత్తం అందరూ చూసేలా పెడితే బాగుచేసేవాళ్ళు కూడా వస్తారనీ చెప్పింది. నాకు మాత్రం వచ్చేవాళ్ళలో బాగుచేసేవాళ్ళు కనపడలేదు. ఎత్తుకుపోయి తమ పేరు పెట్టుకునేవాడు, బాగుచేస్తున్నానని చెప్పి లోపల ఏదో ఇరికించేవాడు, మా ఫోన్లలోకి ఎట్లా దూరాలా అని చూసేవాడు, వీళ్ళే కనపడ్డారు. చాలా రోజులు ఆ అరుగు మీద ఇదే మాట. పంపకం ఇద్దామా, ఎప్పుడిద్దాం, ఎంతవరకు ఇద్దాం. చివరికి తనే నెగ్గింది.

ఆ ఎండాకాలమంతా సిద్ధం చేయడానికే సరిపోయింది. మా పాస్‌వర్డులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఏరి తీసేశాం. వాడే విధానం మొదటి నుంచి రాశాం. పరీక్షలను మూటగట్టి పంపే పద్ధతి మార్చాం. అంతకు ముందు కొత్త కంప్యూటర్‌ని కలపాలంటే, అది వైఫై మీద నేనున్నానని చెప్పినా, దాని వివరాలు చేత్తో ఎక్కించాల్సి వచ్చేది. అంత తతంగం ఉంటే బయటివాళ్ళు మొదటి పేజీలోనే వదిలేసి పోతారని ఆ అమ్మాయి దాన్ని మార్చేసింది. ఒకే వైఫై మీద ఉండి, లోపల పంపకం ఉన్న మిషన్ ఏదైనా దానంతట అదే వచ్చి చేరుతుంది. పని తీసుకుంటుంది. నాకు అది మింగుడుపడలేదు. అయినా మన గదిలోకి వచ్చి కలిసేది ఎవరులే అనుకుని సరే అన్నాను.

ఇంటర్నెట్‌లో అందరూ కోడ్ పంచుకునే సైటులో బయట పెట్టాక చాలా రోజులు ఎవరూ రాలేదు. తర్వాత ఒకడు వచ్చాడు.

పేరు లేదు. ఫోటో ఉండాల్సిన చోట ఒక కోడిపుంజు బొమ్మ. ఆ ఖాతా తెరిచి ఎన్నాళ్ళో కాలేదు. ఇంతకు ముందు ఎక్కడా ఏమీ రాసినట్టు లేదు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాడు. తమది మాచర్ల వైపు అని, పంపకం దించుకుని చూశానని, బాగుందని రాశాడు. ఆ కింద ఒక ప్రశ్న. "ఒకటి అర్థం కాలేదండి. కొత్త మిషన్ ఒకటి వచ్చి నేనూ పని చేస్తానంటే, నువ్వెవరు అని పంపకం అడగదా?"

ఇంటికి వచ్చిన కొత్త మనిషి మంచినీళ్ళు తాగి, మీ దొడ్డి తలుపుకి గడియ లేదా అని అడిగినట్టు అనిపించింది నాకు. జవాబు ఇవ్వొద్దన్నాను. కొన్ని రోజులకు అదే ప్రశ్న ఇంకోలా అడిగాడు. పాత పంపకం ఉన్న మిషన్ కొత్తదానితో కలిస్తే ఏమవుతుందని అడిగాడు. మా గదిలో ఏమేం వాడతామని అడిగాడు. ప్రతిసారీ నాకు అనుమానం ఇంకొంచెం గట్టిపడింది. ఒకరోజు చూస్తే అతని ప్రశ్న కింద మా అమ్మాయి జవాబు ఉంది. "మీరన్నది నిజమే, ఆలోచిస్తున్నాం" అని. నాకు చెప్పకుండా రాసింది.

అప్పటి నుంచి ఆ అమ్మాయిని కూడా గమనించడం మొదలుపెట్టాను. ఫోన్ రాగానే బయటికి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడేది. నేను దగ్గరికి వస్తే తర్వాత చేస్తానని పెట్టేసేది. అడిగితే ఇంట్లోవాళ్ళు అనేది. అంతకు ముందు ఇంట్లోవాళ్ళతో నా ఎదురుగానే మాట్లాడేది.

కింద బాబాయి కూడా మారాడు. ఊరికే పైకి వచ్చేవాడు కాదు, అలాంటిది నీళ్ళ మోటారు అనీ, కరెంటు మీటరు అనీ ఏదో ఒకటి చెప్పుకుంటూ వచ్చి గదిలోకి తొంగి చూసేవాడు. మా ఆయన ఇప్పుడు ఏ కేసులు చూస్తున్నాడని రెండు మూడుసార్లు అడిగాడు. ఒకరోజు మెట్ల పైన కెమెరా బిగించారు. కొట్లో మందు డబ్బాలు పోతున్నాయని చెప్పాడు. డబ్బాలు కొట్లో పోతుంటే కెమెరా మెట్ల మీద ఎందుకని అనిపించింది. కానీ ఆయన ఇల్లు, ఆయన ఇష్టం అని ఊరుకున్నాను.

ఈ లోపల ఆస్పత్రివాళ్ళు సాయంత్రం డాక్టర్ల వేళలు మార్చారు. దానికి తగ్గట్టు యాప్‌లో మార్పులు చేసి, పంపకంతో పరీక్షలన్నీ పెట్టాం. అన్నీ పచ్చగా వచ్చాయి. ఎప్పటికన్నా తొందరగా కూడా అయిపోయాయి. ఆ అమ్మాయి సంతోషపడింది. కొత్త యాప్ ఇచ్చేశాం.

మర్నాడు పొద్దున్నే ఆస్పత్రి మేనేజరు ఫోన్ చేశాడు. ఇంటి దగ్గర నుంచి ఫోన్‌లో టోకెన్ తీసుకున్నవాళ్ళ పేర్లేవీ రిసెప్షన్‌లో కనపడటం లేదు. నేను ఆటో ఎక్కి పరిగెత్తాను. వరండా నిండా జనం. తొలి బస్సులకు వచ్చినవాళ్ళు స్కానింగ్ కవర్లు ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు. రిసెప్షన్‌లో అమ్మాయి నన్ను చూపించి, అదిగో యాప్ వాళ్ళు వచ్చారు, ఆమెను అడగండి అంది. ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చి తన ఫోన్ చూపించింది. అందులో టోకెన్ స్పష్టంగా ఉంది.

"పేరు రాలేదంటన్నారు. ఇప్పుడు నేను వచ్చినట్టా, రానట్టా అమ్మాయ్?"

వచ్చినట్టే అన్నాను. పాత యాప్‌నే మళ్ళీ పెట్టించి, వచ్చినవాళ్ళ ఫోన్లు చూసి పేర్లు చేత్తో రాయించాను. మధ్యాహ్నానికి అందరినీ డాక్టర్లు చూశారు. మేనేజరు నన్ను ఏమీ అనలేదు. "అన్నీ పరీక్షించే ఇచ్చారా మేడం?" అని మాత్రం అడిగాడు. అవును అంటే నమ్మినట్టు కనపడలేదు. నాకూ నమ్మకం లేదు.

గదికి వచ్చి, పేర్లకు సంబంధించిన ఆ ఒక్క పరీక్షను నా కంప్యూటర్ మీద విడిగా పెట్టాను. ఎర్రగా వచ్చింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఎరుపే. నిన్న అదే పరీక్ష పచ్చగా వచ్చింది. అంటే నిన్న ఎవరో నెగ్గిందని అబద్ధం చెప్పారు.

ఏ పరీక్షను ఏ మిషన్ చేసిందో ఫలితం పక్కనే పడుతుంది. నిన్నటివి తెరిచి చూశాను. ఆ పరీక్ష పక్కన ఉన్న పేరు మాది కాదు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలగలిపిన ఒక పొడుగాటి పేరు. నిన్నటివే కాక అంతకు ముందు రోజులవి కూడా చూసుకుంటూ వెళ్తే అదే పేరు చాలా చోట్ల ఉంది. అది ముట్టుకున్న ప్రతి పరీక్షా పచ్చగానే ఉంది. ఒక్కటి కూడా ఎర్రగా లేదు. ఏ మిషనూ అలా ఉండదు.

నాకు కోడిపుంజు బొమ్మే గుర్తొచ్చింది. ఆ వెంటనే ఫోన్ పట్టుకుని బయటికి వెళ్ళే మా అమ్మాయి గుర్తొచ్చింది.

తను మధ్యాహ్నం బస్సుకి వచ్చింది. కూర్చోమని కూడా అనకుండా అడిగేశాను.

"మన లోపలికి వచ్చే దారి వాడికి నువ్వేమైనా చెప్పావా?"

ఎవరికని కూడా అడగలేదు తను.

"నా మీద అనుమానమా అక్కా?"

ఆ ఫోన్లు ఎవరివని అడిగాను. వాళ్ళ నాన్నకు కంటి ఆపరేషన్ చేయించారట, మా యాప్ వాడే ఆస్పత్రిలోనే. "నీకు చెప్తే మేనేజర్‌కి ఫోన్ చేస్తావు. మా నాన్నకి అట్టాంటియి నచ్చవు. అందరితో పాటే టోకెన్ తీసుకుని కూర్చుంటానన్నాడు" అంది. తను కంప్యూటర్ ముందుకు వెళ్ళి, ఆ పేరున్న మిషన్ ఇప్పుడు ఎక్కడుందో చూద్దాం అంది. అది ఆ నిమిషంలో కూడా మా జాబితాలో బతికే ఉంది. పని ఉంటే ఇవ్వమన్నట్టు ఎదురుచూస్తోంది.

తను లేచి ఇంటర్నెట్ తీగ పీకేసింది. ఇప్పుడు బయటి ప్రపంచంతో మాకు సంబంధం లేదు. గదిలో వైఫై మాత్రం ఉంది. మాచర్లలో ఉన్నవాడైతే ఈపాటికి పోవాలి. ఇద్దరం తెర వంకే చూస్తున్నాం. ఆ పేరు పోలేదు.

"బయట కాదక్కా. ఇక్కడే ఉంది."

జాబితా కనపడే తెర ఒక్కటి ఉంచి, గదిలో ఉన్న ఫోన్లన్నీ, మిగతా కంప్యూటర్లన్నీ ఒక్కొక్కటే ఆపుకుంటూ వచ్చాం. మావన్నీ ఆగిపోయాయి. అదొక్కటే మిగిలింది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. తలుపు దగ్గర నిలబడి మెట్ల వైపు చూశాను. పైన కెమెరా, కింద కొట్టు. అంతే.

ఇద్దరం కిందికి దిగాం. బాబాయి గల్లాపెట్టె దగ్గర కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఆయన వెనక, మందు పెట్టెల మీద ఒక లాప్‌టాప్ తెరిచి ఉంది. తెర మీద మా మెట్లు. మేం ఇప్పుడే దిగి వచ్చిన మెట్లు, ఖాళీగా.

"ఇది మనదే అక్కా" అంది మా అమ్మాయి మెల్లగా. కెమెరా పెట్టినప్పుడు, అందులో బొమ్మ చూసుకోవడానికి పాత కంప్యూటర్ ఏదైనా ఉంటే ఇవ్వమని బాబాయి తనను అడిగాడట. మూత సరిగా పడటం లేదని మేం మూల పడేసిన లాప్‌టాప్‌ని తను ఇచ్చేసి, మా వైఫై కూడా కలిపిపెట్టింది. అడిగిన మనిషికి ఇవ్వడమే కదా అనుకుని నాతో చెప్పలేదు. కెమెరా బిగించినతను దాని పేరు మార్చి తన కంపెనీ పేరూ నంబరూ కలిపి ఏదో పెట్టుకున్నాడు. లోపల మా పాత పంపకం మాత్రం అలాగే ఉండిపోయింది.

నేను అక్కడే వంగి చూశాను. ఆ లాప్‌టాప్ ఎప్పుడు వెలిగినా లోపలి పంపకం కూడా లేస్తోంది. వైఫై మీద మమ్మల్ని చూసి, నేనూ ఉన్నానని వచ్చి చేరుతోంది. మేం కొత్త పద్ధతిలో మూటగట్టి పంపే పరీక్షలు దానికి అర్థం కావు. అర్థం కాకపోతే ఒక్కటి కూడా చేయదు. చేయలేదు కాబట్టి తప్పినవి ఏమీ లేవని పైకి పంపిస్తుంది. తప్పినవి లేవంటే అన్నీ నెగ్గినట్టేనని పైన మా పంపకం రాసుకుంటుంది.

"ఏందమ్మాయ్, దాన్ని కెలుకుతన్నారు?" అన్నాడు బాబాయి.

"మందు డబ్బాలు పోతున్నాయన్నారు గదా బాబాయి. ఇది మమ్మల్నే చూస్తోందే."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నాకేం చెవుడు లేదు. ఆ అరుగు మీద కూర్చుని పంపకం ఎప్పుడు, పంపకం ఎట్టా అని మీరు అనుకుంటంటే రోజూ వింటన్నా. బయటోళ్ళకి ఇచ్చేద్దామని ఈ పిల్ల అంటది. మీ ఆయన చూస్తే ప్లీడరు. మా తమ్ముడు ఈ బిల్డింగులో వాటా కావాలని తిరుగుతన్నాడు. ఆడు మీ ఆయన దగ్గరికి వస్తన్నాడని నాకు తెలవదనుకున్నారా?"

మా అమ్మాయికి నవ్వు ఆగలేదు. నాకు రాలేదు. ఆయనను పైకి రమ్మన్నాం. మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చాడు. పంపకం అంటే ఏమిటో, దేన్ని పంచుతుందో, బయటివాళ్ళంటే ఎవరో తెర మీద చూపిస్తూ చెప్పాం. ఫోన్లన్నీ ఒక్కసారి వెలిగి వాటంతట అవే కదలడం కళ్ళు చికిలించి చూశాడు. అంతా విన్నాక, "అయితే ఇందులో స్థలం సంగతి ఏమీ లేదంటారు" అన్నాడు. లేదన్నాం. "సరే" అని దిగి వెళ్ళాడు. లాప్‌టాప్‌లోంచి పంపకం తీసేయడానికి ఒప్పుకున్నాడు. కెమెరా తీయమంటే మాత్రం, ఉండనీలే అన్నాడు.

ఆ సాయంత్రం మా ఆయనను అడిగాను, బాబాయి తమ్ముడు మీ దగ్గరికి వచ్చాడా అని.

"కోర్టు దగ్గరికి సవాలక్ష మంది వస్తారు."

"నేనడిగింది అది కాదండీ."

"వచ్చినా, రాకపోయినా ఇంట్లో చెప్పను. ఆస్పత్రికి ఎవరెవరు ఎందుకు వస్తున్నారో నీ యాప్‌లో ఉంటుంది. నాకు చెప్తావా?"

చెప్పను. ఆ మాట ఆయనకూ తెలుసు. అన్నం వడ్డించాను. అంటే బాబాయి అనుమానంలో ఎంత నిజముందో నాకు అప్పుడూ తెలియలేదు, తర్వాతా తెలియలేదు. ఆ అన్నదమ్ముల గొడవ కొన్నాళ్ళకు కోర్టుకి ఎక్కింది. మా ఆయన అందులో ఎవరి తరఫునా నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో కూడా చెప్పలేదు.

ఆస్పత్రివాళ్ళు మమ్మల్ని వదిలేయలేదు గానీ, కొంతకాలం ప్రతి మార్పునూ వాళ్ళ మనిషి ఒకరు చేత్తో చూసి ఒప్పుకున్నాకే తీసుకుంటామన్నారు. నేను కాదనలేదు. మా అమ్మాయి ఆ తర్వాత వారం పాటు నాతో పని మాటలే మాట్లాడింది. వాళ్ళ నాన్న కంటికి కట్టు విప్పిన రోజు నేను ముప్పాళ్ళ వెళ్ళాను. ఆయన నన్ను చూసి ఎవరో చెప్పకముందే గుర్తుపట్టి, మా అమ్మాయి మీ గురించే చెప్తది అన్నాడు. ఏం చెప్తుందో అడగలేదు. తిరిగి వచ్చేటప్పుడు తను బస్సు దాకా వచ్చింది.

జరిగిందంతా మాచర్ల మనిషికి తనే రాసింది. అతను మొదటి నుంచీ అడిగింది ఇదే కదా అంది. నిజమే. కొన్ని రోజులకు అతను కొంత కోడ్ రాసి పంపాడు. కొత్తగా వచ్చే మిషన్ ముందు తాళంచెవి లాంటి తన రహస్యపు అంకె చూపించాలి. తన దగ్గరున్న పంపకం పాతదో, కొత్తదో చెప్పాలి. లేకపోతే మా పంపకం దాన్ని చేర్చుకోదు. చూడటానికి చక్కగా ఉంది. చక్కగా ఉండటమే నాకు నచ్చలేదు. వారం పైనే కూర్చుని ఒక్కొక్క లైనూ చదివాను. ఏదైనా దాచాడా, ఎక్కడికైనా ఏదైనా పంపుతున్నాడా అని వెతికాను. ఒక అక్షరం తప్పు తప్ప ఏమీ దొరకలేదు.

దానికి నేనొకటి కలిపాను. వచ్చిన మిషన్‌కి పని ఇచ్చే ముందు, తప్పి తీరాల్సిన పరీక్ష ఒకటి ఇస్తాం. అది నెగ్గిందని చెప్పిందంటే బయటికి పంపేస్తాం. మా అమ్మాయి అది చూసి, ఇది నువ్వు రాసిందేనని ఎవరూ చెప్పక్కర్లేదు అక్కా అంది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఆ తర్వాత పంపకం మెల్లగా పాకింది. గుంటూరు నుంచి ఒక కాలేజీవాళ్ళు, కృష్ణ అవతల నుంచి ఇద్దరు ముగ్గురు, అసలు తెలుగే రానివాళ్ళు కొందరు వాడుతున్నామని రాశారు. పంపకం అంటే ఏమిటని అడిగితే అర్థం చెప్పేవాళ్ళం. వచ్చిన ప్రతివాళ్ళ ఖాతా తెరిచి, ఎప్పటిదో, ఏం చేశారో చూసేదాన్ని. ఇప్పటికీ చూస్తాను.

కోడిపుంజు బొమ్మ మాత్రం మారలేదు. ఈ మధ్య ఒకరోజు కోడ్ సంగతి అయిపోయాక అతను ఇలా రాశాడు. "ఒకటి అడుగుతా, ఏమీ అనుకోకండి. మీరు నిజంగా పేటలోనే ఉన్నారా? ఇద్దరు ఆడవాళ్ళు, ఒక గది అంటన్నారు. ఏదో పెద్ద కంపెనీ ఇట్టా చెప్పి మా చేత ఊరికే పని చేయించుకుంటందేమోనని మావాళ్ళు అంటన్నారు. నాకూ ఎందుకో డౌటే."

మా అమ్మాయి పడీ పడీ నవ్వి, గది ఫోటో తీసి పంపుదామంది. నేను వద్దన్నాను. మా వీధి, కింద కొట్టు, పక్కనున్న సందు, అన్నీ టైపు చేశాను. ఒకసారి చదువుకుని చెరిపేశాను. "పేటలోనే" అని మాత్రం రాసి, ఆ కింద, "మీరు నిజంగా మాచర్లేనా?" అని అడిగాను.

దానికి ఇంతవరకు జవాబు రాలేదు. నిన్న మాత్రం ఇంకో మార్పు పంపాడు. సగం చదివాను. ఇప్పటికైతే ఏమీ కనపడలేదు.